మగ్గం గుంతను మరిచిన పాలసీ

తొంభైల చివర్లో ధర్మవరంలో ఇల్లు కొన్నప్పుడు, అప్పిచ్చిన బ్యాంకువాళ్లు ఇంటికి బీమా ఉండాలన్నారు. నేను పెనుకొండలో ఒక ఆఫీసులో గుమాస్తాను. రోజంతా ఊళ్లోవాళ్ల దరఖాస్తుల్లో తప్పులు వెతికే ఉద్యోగం. ఆ ధైర్యంతోనే ఒక శనివారం హిందూపురం వెళ్లి, బీమా ఆఫీసు బెంచీ మీద కూర్చుని ఫారం గబగబా నింపేశాను. ‘ఇంట్లో వృత్తి, వ్యాపారం ఏమైనా జరుగుతుందా?’ అన్నచోట ‘లేదు’ అని రాశాను.

అబద్ధమాడాలని కాదు. మా వీధిలో ఎవరిని అడిగినా ఆ మాటే చెబుతారు. వ్యాపారమంటే అంగడి ఉండాలి, బోర్డు ఉండాలి. మగ్గం అట్లా కాదు. ఇల్లు చూడటానికి వచ్చినవాళ్లు ముందు నేసేవాళ్లు కాళ్లు దించుకునే మగ్గం గుంతకు చోటుందా అని చూసి, తర్వాత మనుషులు ఎక్కడ పడుకోవాలో ఆలోచిస్తారు. మా ముందు గదిలో సగం నా భార్య మగ్గానిదే. మిగిలిన సగంలో నేనూ, నా సైకిలూ సర్దుకునేవాళ్లం.

ఇల్లంతా కవర్ అవుతుందని ఆఫీసులో చెప్పారు. నా చేతికి మాత్రం గోధుమరంగు కవరొకటి వచ్చింది. అందులోని కాగితాలు నేను చదవలేదు. ఆమె చదివింది.

“ఏమప్పా, మగ్గం యాడ రాసినావు?”

“అది ఇంట్లోదే గదా. మళ్లీ వేరేగా రాసేదేమి?”

“మగ్గం ఇంట్లోదే. దాని మింద ఉండే పట్టు మనదా?”

పట్టు షావుకారుది. ఆయన పడుగూ పేకా ఇస్తాడు, ఈమె చీర నేసి ఇస్తుంది. పదేళ్లుగా ఆమె దగ్గర పోగు చెడిందని ఆయన అనలేదు. ఇంటికి ఏ నిప్పో నీళ్లో తగిలి ఆ పట్టు పోతే, అడిగేది ఆమెనే.

“ఇప్పుడు పోయి చెప్తే ఉన్న పాలసీ కూడా రద్దు చేస్తారేమోమ్మే.”

“చేస్తే చేయనీ. లేనిదాన్ని ఉండాదనుకుని నేను నిద్రపోలేను.”

నేను పోగలను. అట్లా రెండు వారాలు నిద్రపోయాను కూడా. మూడో వారం ఆమె నాకు టిఫిన్ డబ్బా ఇవ్వకుండా ఆ కవరు చేతికిచ్చింది. ఆఫీసుకు సెలవు పెట్టి హిందూపురం బస్సెక్కాను.

నాలుగు రోజులకు బీమా ఆఫీసరు మా ఇంటికొచ్చాడు. గడప దాటగానే మగ్గం ఎదురైంది.

“ఏమి సార్, ఇంత పెద్ద మగ్గం పెట్టుకుని ఏమీ లేదని రాసినారే.”

“వ్యాపారమంటే అంగడి అనుకున్న్యా సార్.”

“నేసి అమ్మరా?”

“అమ్మేది షావుకారు సార్. మాది కూలి,” అంది నా భార్య.

“కూలైనా పని పనే గదమ్మా.” ఆయన గుంతలోకి వంగి చూసి, తొక్కుడు పలకల నుంచి పైన డిజైను తీసే జకార్డు దాకా అన్నీ రాసుకున్నాడు. ఇల్లు ఒకటి, మగ్గం ఒకటి, ఇతరుల సరుకు ఒకటి, మూడూ విడివిడిగా చూపించాలన్నాడు. “ఈయప్ప రాసినట్లే ఉండి ఏమన్నా జరిగింటే, గోడకు కూడా మాతో గుంజులాటే.” ఆమె నా వైపు చూడలేదు. చూసినా బాగుండేది. ప్రీమియం కొంచెం పెరిగింది. పాత పాలసీకి కొత్త కాగితమొకటి కుట్టి ఇచ్చారు.

ఆ ఏడాది వానాకాలంలో ఒక మధ్యాహ్నం మా వీధి కాలువ పొంగింది. నీళ్లు మొదట గుంత నింపాయి, తర్వాత గచ్చు మీదికి వచ్చాయి. నేసిన చీరను ఆమె కోసి తీయగలిగింది కానీ మిగిలిన పడుగు నానిపోయింది. ఎరుపు జారి పసుపులోకి దిగింది. ఆమె మోకాలి లోతు నీళ్లలో నిలబడి, పోగులు పట్టుకుని చూసింది. నేను సైకిలును మంచం మీదికెక్కించాను. ఆ వేళ నాకు తోచిన సాయం అదే.

నష్టం చూడటానికి వచ్చిన సర్వేయరు మొదట అడిగింది ఆ కుట్టిన కాగితమే. అందులో మగ్గం ఉంది, షావుకారు పట్టూ ఉంది. నెలన్నర పట్టింది, నాలుగుసార్లు తిరిగాను, పాడైన పట్టు విలువ వచ్చింది. నా భార్య స్వయంగా వెళ్లి షావుకారుకు ఇచ్చింది.

“బీమా చేసినారా? మీ వీధిలో ఎవురూ చేయరే,” అన్నాడట ఆయన.

“మా ఇంటాయన రాసినాడు,” అందట ఈమె. ఏం రాశానో మాత్రం చెప్పలేదు.

మరుసటి వారం షావుకారు కొత్త పడుగు పంపాడు, ఈసారి నెమలి రంగు. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి ఆమె ఆరిన గుంతలో కాళ్లు వేలాడేసుకుని, పోగుకు పోగు అతుకుతోంది. కాఫీ కావాలంటే నన్నే పెట్టుకోమంది. రెండు గ్లాసులు పెట్టాను.