మూడు వారాలా, ఐదు వారాలా

ఉదయం ఏడున్నరకు కోరుట్లలో జగిత్యాల బస్సెక్కాను. ఆధార్ చూపిస్తే కండక్టర్ ఆడవాళ్ళకిచ్చే ఉచిత జీరో టికెట్ కొట్టి ఇచ్చాడు. ఎడమ రొమ్ములో గడ్డ తీసి ఆరు వారాలైంది. రొమ్ము ఉంచారు కాబట్టి రేడియేషన్ తప్పదన్నారు. ఎన్ని వారాలన్నదే తేలాలి.

జగిత్యాల దవాఖానలో తొమ్మిదింటికి పేరు రాయిస్తే పదకొండింటికి పిలిచారు. డాక్టరమ్మ రిపోర్టు చూసింది.

"రోజూ కొంచెం కొంచెం ఐదు వారాలు, లేకుంటే రోజుకు కొద్దిగ ఎక్కువ మూడు వారాలు. నీకు రెండూ ఒక్కతీరే పనిచేస్తయి. హైదరాబాద్‌ల ఉండాలె అన్ని రోజులు. ఆలోచించుకొని ఫోన్ చెయ్యి."

తలూపి బయటికొచ్చాను. పదహారేళ్ళుగా బీడీలు చుడుతున్నాను. తునికాకు తూకంలో తగ్గించి ఇచ్చి, వెయ్యి బీడీలూ లెక్కకు రావాలనే కాంట్రాక్టరు, మా టేకేదారు తెలుసు నాకు. తక్కువ ఇచ్చి 'ఒక్కతీరే' అంటే ఎట్లా నమ్మేది? దుబాయి నుంచి మా ఆయన ఐదు వారాలే చేయించుకొమ్మన్నాడు. కానీ మా బిడ్డకు పదో తరగతి పరీక్షలు ఇంక ఐదు వారాలే. మూడైతే అప్పటికి ఇంట్లో ఉంటాను. ఆ ఆశకు పోయి ప్రాణం మీదికి తెచ్చుకుంటానేమోనని భయం.

బస్టాండులో ఇడ్లీ తిని పన్నెండున్నరకు వేములవాడ బస్సు పట్టుకున్నాను. పక్క సీట్లో బుగ్గారం ముసలామె, ఎవరికీ తగలకుండా ఒడిలో పట్టుకున్న నా ఎడమ చెయ్యి వంక చూసింది.

"చెయ్యి ఇరిగిందా బిడ్డా?"

"ఆపరేషన్ అయింది అవ్వా."

ఇంకేమీ అడగకుండా లేచి కిటికీ సీటు నాకిచ్చింది.

వేములవాడలో బస్సు మారి మూడింటికి సిరిసిల్లలో దిగాను. మా పెద్దమ్మ బిడ్డ సుజాతక్క అక్కడ మరమగ్గాలకు కండెలు చుడుతుంది. రెండేళ్ళ కింద ఇదే జబ్బుకు మూడు వారాలు చేయించుకుంది. మగ్గాల చప్పుడులో అరిచినట్టే మాట్లాడుకున్నాం.

"మూడు వారాలంటే తక్కువ మందు గాదా అక్కా?"

"ఆకు తూకం గీడికి గూడ తెచ్చినవా! డాక్టరమ్మను అడిగినవా?"

అడగలేదు.

"నేను గూడ అడగకనే ఆగమైన. నడుమ బతుకమ్మకు ఇంటికచ్చి నలుగు వెట్టుకొని తానం జేసిన. రేడియేషన్ ఏడ వెట్టాల్నో ఆళ్ళు ఒంటిమీద గీసిన గీతలన్నీ పోయినయి. మళ్ళ గీసి మొదలువెట్టెటాలకు నాలుగు రోజులు వట్టింది. ఫోన్ జెయ్యి."

అక్క ఎదుటే డాక్టరమ్మకు ఫోన్ చేసి అడిగాను. డాక్టరమ్మ విసుక్కోలేదు.

"పేదోళ్ళని తగ్గించేది కాదమ్మా. రోజుకు ఇచ్చేది పెద్దది, అందుకే తక్కువ రోజులు. నీలాంటి వాళ్ళకు చాలామందికి ఇప్పుడు మూడు వారాలే ఇస్తున్నం."

మూడు వారాలకే పేరు రాసుకోమన్నాను. అక్క చాయ్ పోసింది.

ఐదింటి బస్సులో తిరుగు ప్రయాణం. నా తర్వాత ఈ దారిన వచ్చేవాళ్ళకు ఒకటే మాట: జగిత్యాలలో కుర్చీ మీంచి లేవకముందే అడిగేయండి. నాకు ఆ ఒక్క ప్రశ్నకు సిరిసిల్ల దాకా పోవాల్సి వచ్చింది.

కథలాపూర్ దాటుతుండగా బిడ్డ ఫోన్ చేసింది.

"ఎన్ని వారాలే అమ్మా?"

"మూడే."

"గట్లయితే పరీక్షలు రాస్త."

నా వెంట రావడానికి పరీక్షలు మానుకోవాలని ఎప్పుడనుకుందో నాకు తెలియదు. దాన్నీ నేను అడగలేదు.