గేటు గీసిన చెయ్యి

కుమాసి పట్నంలో రేకుపని చేసే షెడ్లలో ఒడూరో ఇనప రేకు మీద గీత గీశాడంటే, కత్తిరించేవాడు మళ్ళీ కొలవడు. మోకాళ్ళ మీద వంగి, సుద్దపొడి ఊదుకుంటూ, మడతలో పోయే వెంట్రుకవాసిని కూడా ముందే కలిపి గీస్తాడు. కూలి పెంచమంటే మాత్రం, "గీతకు బరువేముందయ్యా?" అని నవ్వుతాడు షెడ్డు యజమాని.

ఆ వారం ఒడూరో అద్దెకుండే ఇంటి గేటే షెడ్డుకు పనిగా వచ్చింది. రోజూ దాటే గేటు కదా అని మరింత శ్రద్ధగా గీశాడు. బిగించిన సాయంత్రం ఇంటి యజమానురాలు సెర్వా పిలిచింది.

"చూశావా నాయనా, ఇల్లు బంగళాలా అయింది! ఇక అద్దె పెరుగుద్ది. ఎప్పట్లాగే రెండేళ్ళది ముందే కట్టెయ్యి."

"ఆ గేటు గీసింది నేనేనమ్మా!"

"అందుకేగా అంత బాగా కుదిరింది!"

ఒక్క వంకరైనా దొరక్కపోతుందా అని ఒడూరో పళ్ళు నూరుకుంటూ గేటు అంచులన్నీ తడిమాడు. దొరకలేదు.