మామ్మగారి బదనిక

ఆర్కిడ్ అనే మాట ఆ రోజుల్లో నేను యానాంలో వినలేదు. గోదావరి ఒండ్రులో పుట్టి పెరిగిన మాకు మొక్క అంటే మట్టి. ఎండుపుల్ల గుచ్చినా నాలుగు రోజుల్లో చిగురేసే నేల మాది. మట్టి అక్కర్లేని మొక్క ఒకటుందని ఎవరైనా చెబితే, అన్నం అక్కర్లేని అల్లుడున్నాడన్నట్టు నవ్వేవాళ్ళం. అప్పుడే ప్రభుత్వాఫీసులో గుమాస్తాగా చేరి, ఒక పెద్దావిడ ఇంట్లో వెనక వాటా అద్దెకి తీసుకున్నాను. ఊళ్ళో అందరికీ ఆవిడ ఫ్రెంచి మామ్మగారు. (ఆవిడకి ఫ్రెంచి ముక్క రాదు. పోయిన భర్త ఫ్రెంచివాళ్ళ కొలువులో పనిచేశారు, అంతే.) వసారాలో చెక్కబద్దల బుట్టలో ఒక మొక్క వేలాడుతుండేది. పట్టీల్లాంటి ఆకులు, గాలిలోకి దిగిన లావుపాటి తెల్లటి వేళ్ళు. ఆయన మన్యం వెళ్ళినప్పుడు విరిగిపడ్డ మామిడికొమ్మ మీంచి తెచ్చారట. చెట్ల మీద పెరుగుతుంది కనక మావాళ్ళు బదనిక అనేవారు. ఏడాదికోసారి తేనెరంగు పువ్వులు పూసేది. ఆ పూలున్నన్నాళ్ళూ మామ్మగారు సాయంత్రాలు వసారా వదిలి కదిలేవారు కాదు. ఆయన వదిలి వెళ్ళినవాటిలో ప్రాణమున్నది ఇదొక్కటే అబ్బాయ్ అనేవారు.

కూతురి పురిటికి పాండిచ్చేరి వెళుతూ ఆవిడ దాన్ని నాకు అప్పగించారు. "పొద్దున్నే నాలుగు నీళ్ళు చిలకరించు అబ్బాయ్. ఇంకేం చెయ్యకు." "ఆయ్, అలాగేనండి" అన్నాను. ఆ మాట డైరీలో ఎక్కించి కింద గీత కూడా గీశాను. తరవాత కొన్నాళ్ళకి, కొడుకు తింటున్నాడో లేదో చూసిపోదామని ఏటి అవతల మా ఊరి నుంచి అమ్మ దిగింది. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి బుట్ట ఖాళీగా ఉంది. మొక్క పెద్ద మట్టికుండీలో పీకల్దాకా ఒండ్రులో, పెంటఎరువులో కూరుకుని ఉంది. అమ్మ బియ్యం కడుగు పోస్తోంది.

"ఏంటమ్మా ఇది?"

"ఏంటేంట్రా? గుప్పెడు మట్టైనా లేకుండా ఉరేసినట్టు వేలాడదీశారు పాపం. వేళ్ళన్నీ బయటపడిపోయి, చూడ్డానికి నాకే సిగ్గేసింది. చెక్కని పట్టుకుని ఓ పట్టాన రాదే, గట్టిగా లాగాల్సొచ్చింది."

"మామ్మగారు ఇంకేం చెయ్యొద్దన్నారే."

"పెద్దావిడ. ఓపిక లేక అనుంటారు."

అది నాకూ సబబుగానే తోచింది. (నేనూ ఆ ఒండ్రు బిడ్డనే కదా.) కొత్త గుమాస్తాని, డైరీ కూడా ఫైలు భాషలోనే రాసేవాణ్ణి. ఆ రాత్రి ఇలా రాశాను: "బదనికకు నేడు స్వగృహము ఏర్పడినది."

స్వగృహం దానికి పడలేదు. ఆకులు ముడతలు పడ్డాయి. దాహమేమోనని అమ్మ ఇంకా నీళ్ళు పోసింది. కింది ఆకులు పసుపెక్కి రాలాయి, కుండీ దగ్గర కుళ్ళు వాసన మొదలైంది. అమ్మ పైకి లాగి చూస్తే వేళ్ళు నల్లగా మెత్తబడి ఉన్నాయి. వేలితో నొక్కితే తొక్క ఊడొచ్చి లోపల దారం మిగిలింది. అమ్మ అక్కడే కూలబడింది. "ఒరేయ్, ఆవిడ మొగుణ్ణి నేను రెండోసారి చంపేశాన్రా."

కాసేపటికి అమ్మే లేచి పాతబుట్ట చేతిలోకి తీసుకుంది. తను లాగినప్పుడు తెగిన వేరు ముక్కలు ఇంకా బద్దలకి అతుక్కునే ఉన్నాయి. "దీని దుంపతెగ, దీనికి కావాల్సింది మట్టి కాదురా, పట్టుకోడానికి ఏదో ఒకటి. చంటిపిల్ల కొంగు పట్టుకున్నట్టు ఎలా పట్టుకుందో చూడు." ఆ క్షణం నుంచి ఆ మొక్క మా ఇంట్లో బాలింత. కుళ్ళిన వేళ్ళు బ్లేడుతో తీసేసి, కోతలకి పసుపద్ది, నీడన ఆరబెట్టింది. పక్కింటి జాలరివాళ్ళని వలతాడు అడిగి తెచ్చి, మొక్కని పీచున్న కొబ్బరిడొక్కకి కట్టి, చెమ్మగాలి తగిలేలా నూతి పక్కన వేలాడదీసింది. "నీళ్ళ జోలికి నువ్వు రాకు. పథ్యంలో ఉంది" అని నన్ను కసిరి, పొద్దున తనే తడిచెయ్యి విదిలించేది. సాయంత్రం సాంబ్రాణి వేసేది. (కాయం ముద్ద తినిపించడం ఒక్కటే మిగిలింది.) "ఈ ఊళ్ళో నాకు కాళ్ళు నేలకానినట్టు లేదురా, వచ్చేవారం పోతా" అని వచ్చిన రోజు నుంచీ అంటున్న మనిషి ఇప్పుడు ఆ ఊసే ఎత్తడం లేదు. నా డైరీలో రోజూ ఒకటే వాక్యం: "వేరు: లేదు. ఆకు: యథాతథము."

మామ్మగారు వస్తున్నట్టు కబురు వచ్చాక ఒక ఉదయం, చొక్కా గుండీలు పెట్టుకుంటుంటే అమ్మ పిలిచింది. గొంతు తగ్గించి, గుళ్ళో పిలిచినట్టు. ఆకు మొదలు చీల్చుకుని పెసరగింజంత పచ్చటి మొన బయటికి వచ్చి ఉంది. రోజులు గడిచేకొద్దీ అది గాజులా మెరిసే కొసతో, వెండిరంగు ఒంటితో సాగింది. కింద నేల లేదు, పక్కన గోడ లేదు. ఉత్త గాలిలో దేన్నో తడుముకుంటూ పోయి, ఎవరు చెప్పారో, మెల్లగా డొక్క వైపు వంగింది. ఒకరోజు పొద్దున్న అమ్మ తడిచెయ్యి విదిలిస్తే, ఆ వెండి మా కళ్ళ ముందే పచ్చబడింది. "నీళ్ళు తాగుతోందిరా" అంది అమ్మ. ఇద్దరం అలాగే నిలబడిపోయాం. మట్టిలో ఇదే పని ఎన్ని కోట్ల వేళ్ళు చేస్తుంటాయో, ఎన్నడైనా చూశామా? ఆ రోజు ఉద్యోగంలో మొదటిసారి ఆఫీసుకి ఆలస్యంగా వెళ్ళాను. కారణం అడిగితే హెడ్ క్లర్కుగారికి ఏం చెప్పాలో తెలియక కడుపునొప్పన్నాను.

మామ్మగారు రిక్షా దిగి తిన్నగా వసారాలోకి వెళ్ళారు. నేను గొంతు సవరించుకునేలోపే అమ్మ ముందుకొచ్చింది. "పిన్నిగారూ, మట్టిలో పెట్టింది నేనే. అబ్బాయి వద్దన్నాడు." (నేను అంత గట్టిగా అనలేదు.) అమ్మ చూపిస్తే మామ్మగారు నూతి దగ్గరకి నడిచి, రెండే రెండు కొత్త వేళ్ళతో డొక్కని కరుచుకున్న ఆ మొక్కని చాలాసేపు చూశారు. పసుపు మరకని వేలితో తడిమారు. "సాంబ్రాణి కూడా వేశావా అమ్మాయ్?" అమ్మ తలవంచుకుని వేశానంది. ఆవిడ నవ్వబోయారు, కళ్ళు తుడుచుకున్నారు. "ఇది పూయడానికి ఇంక ఏళ్ళు పడుతుంది. అందాకా నువ్వూ ఉండు. దీని పథ్యం నాకేం తెలుసు?"

అమ్మ ఉండిపోయింది. కొన్నేళ్ళకి అది పూసిన సాయంత్రం ఆ ఇద్దరూ వసారాలో పక్కపక్కన కూర్చుని ఒక్క మాటైనా మాట్లాడుకోకపోవడం నాకింకా గుర్తుంది. ఇప్పుడు ఇద్దరూ లేరు. ఆ మొక్క పిలక యానాంలోనే కనకాలపేటలో మా వసారాలో వేలాడుతోంది. దీన్ని ఇప్పుడు ఆర్కిడ్ అంటున్నారు, దీని పెంపకం గురించి ఫోను వీడియోల్లో గంటలకొద్దీ చెబుతారు, సాంబ్రాణి మాట మాత్రం ఒక్కరూ ఎత్తరు. పొద్దున్నే నాలుగు నీళ్ళు చిలకరిస్తాను. ఇంకేం చెయ్యకుండా ఉండటమే ఇప్పటికీ కష్టం. కొత్త వేరు కొస గాలిలో తడుముకుంటుంటే, దానికి దారి చూపిద్దామని ఈ ముసలి చెయ్యి పైకి లేస్తుంది. సగంలో ఆగి, నన్ను చూసి నేనే నవ్వుకుని, లోపలికి వెళ్ళి డైరీ తెరుస్తాను. "వేరు: వచ్చుచున్నది."