ఆదివారం కూడా కలిపి చెప్పాలా?

ఆమె ఉద్యోగం ఫోన్లు చెయ్యడం. పొద్దున తొమ్మిదిన్నరకు హెడ్‌ఫోన్ తగిలించుకుంటే సాయంత్రం అయిదున్నరకు తీసేది. అవతల ఫోన్ ఎత్తేవాళ్లంతా మూడు నెలల కిందట ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నవాళ్లు. జబ్బు ఇక నయం కాదని తేలినవాళ్లను నొప్పి తెలియకుండా చివరిదాకా చూసుకునే హాస్పిస్‌లు ఆ ఊళ్లోనూ చుట్టుపక్కలా పదకొండు ఉన్నాయి. ఏది ఎలా చూసుకుంటోందో పోయినవాళ్లు వచ్చి చెప్పలేరు కాబట్టి, వాళ్ల ఇంట్లోవాళ్లను అడిగి మార్కులు వేసే ఆఫీసు అది. ప్రశ్నలు ఇరవయ్యేడు. జవాబులు నాలుగే: ఎప్పుడూ లేదు, అప్పుడప్పుడు, చాలాసార్లు, ప్రతిసారీ. కాగితం మీద లేని మాట ఒక్కటి కూడా కలపకూడదు. ప్రతి కాల్ రికార్డవుతుంది.

తొమ్మిదేళ్లుగా అదే కుర్చీ. అత్తగారు ఆమెకు ప్రశ్నలమ్మ అని పేరు పెట్టింది. "ఇంట్లో ఏమడిగినా ఊ, ఆ తప్ప మాట రాదు. ఊరందర్నీ మాత్రం ఇరవయ్యేడు ప్రశ్నలు అడిగొస్తుంది" అని పక్కింటివాళ్లకు చెప్పి నవ్వేది. ఆవిడ బడిలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. తప్పు కంటపడితే అవతల ఎవరున్నా సరే దిద్దకుండా వదిలేది కాదు. కోడలి మీద ఎన్ని విసుర్లు విసిరినా, బ్యాంకు కాగితమైనా డాక్టరు చీటీ అయినా ముందు కోడలు చదివాకే సంతకం పెట్టేది.

ఆ ఏడాది ఆవిడకు నడుంనొప్పి మొదలైంది. పరీక్షలన్నీ అయ్యేసరికి కాన్సర్ ఎముకల్లోకి పాకిందని తేలింది. ఒక బుధవారం ఆసుపత్రివాళ్లు భార్యాభర్తలిద్దర్నీ కూర్చోబెట్టి, ఇక తాము చెయ్యగలిగిందేమీ లేదని, ఈ నొప్పిని ఇంట్లో ఆపడం కష్టమని, సోమవారానికల్లా ఏదైనా హాస్పిస్ చూసుకోమని చెప్పారు. భర్త బస్సు డిపోలో మెకానిక్. వరండాలోకి వచ్చి గోడకు చేరగిలబడి, "నీకు తెలియని చోటుందా? నువ్వు ఏదంటే అదే," అన్నాడు.

ఆమె క్షణం కూడా తటపటాయించలేదు. వంతెన అవతలి కేంద్రం నాలుగేళ్లుగా తమ ఆఫీసు పట్టికలో మొదటి వరసలో ఉంది. నూటికి తొంభై ఆరు. అక్కడే నిలబడి ఫోన్ చేసింది. సోమవారానికి ఒక గది ఇస్తామన్నారు. అత్తగారికి చెబితే, మంచం మీంచి తల కొంచెం ఎత్తి, "తొంభై ఆరా? మిగతా నాలుగూ ఎక్కడ పోయాయో కనుక్కున్నావా?" అంది.

ఆ మర్నాడు మధ్యాహ్నం ఆమెకు ఒక ముసలి దర్జీ నంబరు వచ్చింది. ఆయన భార్య పోయింది ఆ వంతెన అవతలి కేంద్రంలోనే. ఆయన ప్రతి ప్రశ్నకూ పూర్తిగా వినకుండానే "ప్రతిసారీ" అంటూ వస్తున్నాడు. మర్యాదగా మాట్లాడారా? ప్రతిసారీ. శుభ్రంగా ఉంచారా? ప్రతిసారీ. పద్నాలుగో ప్రశ్న నొప్పి గురించి: "నొప్పి వచ్చినప్పుడు అవసరమైన సాయం అందిందా?"

వెనక ఎక్కడో కుట్టుమిషన్ చప్పుడు వినిపించి ఆగిపోయింది.

"ఆదివారం కూడా కలిపి చెప్పాలా అమ్మా?" అన్నాడు.

కాగితం ప్రకారం చెప్పాల్సిన మాట ఒకటుంది. అదే చెప్పింది. "మీకు ఎలా అనిపిస్తే అలా చెప్పండి."

"ఐతే ప్రతిసారీ అనే రాసుకో తల్లీ. ఆ ఆయాలు బంగారంలాంటి పిల్లలు. వాళ్లకు చెడ్డపేరు రాకూడదు."

పదిహేనో ప్రశ్న తెర మీద సిద్ధంగా ఉంది. ఆమె దాన్ని చదవలేకపోయింది. "ఆదివారం ఏమైందండీ?" అని అడిగేసింది.

నొప్పి తగ్గించే మార్ఫిన్ ఉండే బీరువాకు తాళం వేసుంటుందట. తాళంచెవి నర్సు దగ్గర తప్ప ఎవరి దగ్గరా ఉండకూడదట. ఆదివారం పన్నెండుకు ఒక నర్సు డ్యూటీ దిగిపోతే, ఆరింటికి గానీ ఇంకో నర్సు ఎక్కదట. "రెండింటికి నొప్పి మొదలైందమ్మా మా ఆవిడకు. ఆయా పక్కనే కూర్చుని చెయ్యి పట్టుకుంది. ఆ పిల్లా ఏడ్చింది, నేనూ ఏడ్చాను. మా ఆవిడ దుప్పటి అంచు నోట్లో కుక్కుకుంది, పక్క గదివాళ్లకు వినపడుతుందని. ఆరూ పదికి సూది వేశారు." మళ్లీ తనే, "సాయం అందిందా అంటే అందిందనే చెప్పాలి కదమ్మా. చెయ్యి పట్టుకున్నారు కదా," అన్నాడు.

కాల్ ముగిశాక ఆమె హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టింది. ప్రతి ప్రశ్నపత్రం చివరా "ఇంకేమైనా చెప్పాలా?" అని ఒక గడి ఉంటుంది. దానికి మార్కులు లేవు. విన్నది టైపు చేసి వదిలెయ్యడమే. ఆ కేంద్రానికి రెండేళ్లలో నూటపన్నెండు కాల్స్ ఉన్నాయి. ఆదివారం అన్న మాట కోసం వెతికితే పద్నాలుగు చోట్ల కనిపించింది. "ఆదివారం కొంచెం ఆలస్యం." "ఆదివారాలు తప్ప అంతా బాగుంది." ఆ పద్నాలుగులో ఆరు తను స్వయంగా టైపు చేసినవే. ఒక్కటీ గుర్తు లేదు.

శుక్రవారం పొద్దునే సూపర్‌వైజర్ పిలిచాడు. ఆమె కంటే పదేళ్లు చిన్నవాడు, మాట పెళుసు. ముందు ఆ రికార్డింగ్ వినిపించాడు. "ప్రశ్నలు ఇరవయ్యేడు మేడమ్. ఈ ఇరవయ్యెనిమిదోది ఎవరు రాశారు?"

"నేనే అడిగానండీ. తప్పే. కానీ ఆయన చెప్పింది విన్నారు కదా?"

"విన్నాను. మీరు సొంతంగా అడిగితే ఆ కాల్ చెల్లదు. చెల్లని కాల్‌ని నేనేం చేసుకోను?"

"ఇదొక్కటే కాదండీ. ఇంకో పద్నాలుగు ఉన్నాయి. అవి మనం అడిగినవి కావు, వాళ్లంతట వాళ్లు చెప్పినవి." ఆమె ఆ పద్నాలుగు కాగితాలూ బల్ల మీద పెట్టింది. అతను పైవి రెండు చదివి, మూడోది తిప్పబోయి ఆగాడు. "పైకి పంపితే కమిటీ కూర్చోవాలి. రెండు నెలలు పడుతుంది," అన్నాడు నీరసంగా. "మీకు మెమో మాత్రం తప్పదు."

"ఇవ్వండి. మా అత్తగారు సోమవారం అక్కడికే వెళ్తోంది."

అతను తలెత్తి చూశాడు. ఆగిన మూడో కాగితం తిప్పాడు.

శనివారం భర్తతో పెద్ద గొడవైంది. "మొదటిదని చెప్పింది నువ్వే. ఇప్పుడు కాదనేదీ నువ్వే. ఎల్లుండి అమ్మను ఎక్కడ పడుకోబెట్టాలి, చెప్పు!" అని అరిచాడు. తర్వాత తలుపు దగ్గర చెప్పులు వేసుకుంటూ, "వారంలో ఆరుగంటలే కదా," అని గొణిగాడు. ఆ మాట తనకే నచ్చక, తలుపు దబ్బున లాగి వెళ్లిపోయాడు.

ఆదివారం మధ్యాహ్నం అతన్ని తల్లి దగ్గర ఉంచి ఆమె వంతెన దాటింది. రేపు రాబోయేవాళ్లమని, గది చూసుకుంటానని చెబితే ఆయా లోపలికి తీసుకెళ్లింది. ఒకటీ ముప్పావు. ఎక్కడా వాసన లేదు. కిటికీ తెరలు ఉతికి వేలాడదీశారు. మంచాల మీద దుప్పట్లు ముడత లేకుండా ఉన్నాయి. ఆయా ఒక్కొక్క గుమ్మం దగ్గరా ఆగి లోపలివాళ్లను పలకరిస్తూ నడిచింది. తొంభై ఆరు ఊరికే రాలేదు అనుకుంది ఆమె. తను పొరబడ్డానేమోనన్న ఆశ కూడా కలిగింది.

రెండూ ఇరవైకి ఆరో నంబరు గదిలో గంట మోగింది.

ఆయా పరుగెత్తింది. వెనకే ఆమె కూడా. యాభై ఏళ్ల మనిషి, ఎముకల గూడులా ఉన్నాడు. మోకాళ్లు పొట్టలోకి ముడుచుకుని, పళ్లబిగువున ఊపిరి తీస్తున్నాడు. పిడికిలి బిగుసుకుపోయి గోళ్లు అరచేతిలో దిగిపోయాయి. ఆయా మంచం పట్టె మీద కూర్చుని ఆ పిడికిలిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. "ఇదిగో అన్నా, నేనున్నా. కొంచెం ఓర్చుకో."

"మందు ఏదక్కా?"

ఆయా తల తిప్పలేదు. "సిస్టర్ ఆరింటికి వస్తుందమ్మా."

"ఈయన మనుషులేరీ?"

"ఎవరూ లేరు."

ఎవరూ లేని మనిషి గురించి ఏ నంబరుకూ ఫోన్ వెళ్లదు. ఇలాంటివాళ్లు తొమ్మిదేళ్లలో ఎంతమంది దాటిపోయారో తనకు తెలియనే తెలియదు. అతని గొంతులోంచి సన్నగా ఒక కూత వచ్చింది. "తాళంచెవి ఎవరి దగ్గరుంది?" అని గట్టిగా అడిగింది.

"మేట్రన్‌ గారి దగ్గర ఇంకోటి ఉంటుంది. ఆదివారం ఆవిణ్ని పిలిస్తే తిడుతుందమ్మా."

"నంబరివ్వు. తిట్లు నేను తింటా."

మేట్రన్ ఫోన్ మొదటిసారి ఎత్తలేదు. రెండోసారీ ఎత్తలేదు. మూడోసారి ఎత్తి, సంగతి విని, "మీరెవరసలు?" అంది. "రేపు మా అత్తగారిని మీ దగ్గర చేర్చాలి. ఇవాళ ఆరో గదిలో ఉన్న మనిషి కోసం అడుగుతున్నాను. మీరొచ్చేదాకా పెట్టను," అంది ఆమె. పెట్టలేదు కూడా. ఫోన్‌ని మంచం పక్కన బల్ల మీద ఉంచింది. ఆ మనిషి మూలుగు అవతలికి వినిపించింది. అరనిమిషం తర్వాత, "వస్తున్నా," అని లైన్ తెగింది.

నలభై నిమిషాలు పట్టింది. ఆ నలభై నిమిషాల్లో ఆయా ఒక్కసారి కూడా చెయ్యి వదల్లేదు. మేట్రన్ తడి జుట్టుతో వచ్చి, ఎవర్నీ చూడకుండా బీరువా తెరిచి సూది వేసింది. పావుగంటకు ఆ పిడికిలి నెమ్మదిగా విచ్చుకుంది. అరచేతిలో నాలుగు ఎర్రని గాట్లు. ఆయా వాటి మీద తడిగుడ్డ అద్దింది.

వరండాలో మేట్రన్ మీదికొచ్చింది. "నాలుగేళ్లుగా మాకు మంచి మార్కులు. ఒక్కరు ఫిర్యాదు చేస్తే ఒట్టు!"

"తెలుసు. ఆ మార్కులు వేసేదాన్ని నేనే," అంది ఆమె.

మేట్రన్ ముఖంలో కోపం అలాగే ఉండి, ఇంకేదో కూడా తోడైంది. బెంచీ మీద కూలబడింది. "ఆదివారానికి ఒక నర్సును ఇవ్వమని మూడుసార్లు రాశాను. తొంభై ఆరు వస్తున్న చోటికి ఇంకో మనిషెందుకన్నారు. మీ ఆఫీసు కాగితమే తీసి చూపించారు."

ఆమె అక్కణ్నించి తిన్నగా ఆటో ఎక్కి పట్టికలో ఏడో స్థానంలో ఉన్న చోటికి వెళ్లింది. దాని గురించి చెప్పినవాళ్ల మాటలు శనివారమే చదివి పెట్టుకుంది. తిండి చప్పగా ఉంటుంది, గోడలు పెచ్చులూడుతున్నాయి, నర్సుకు నోటిదురుసు. ఒకావిడ మాత్రం, "విసుక్కుంటుంది, కానీ వస్తుంది" అని చెప్పింది. ఆ మాటే ఆమెను అంతదూరం లాక్కొచ్చింది. డ్యూటీలో ఉన్న నర్సు ఆమెను ఎగాదిగా చూసి, "గది చూడాలా? చూడ్డానికేముంది, మంచం, కుర్చీ," అంది.

"గది వద్దండీ. నొప్పిమందు రిజిస్టర్ చూపిస్తారా? పేర్లు చూడను."

నర్సు కనుబొమలు లేచాయి. పేర్ల వరస మీద ఒక అట్ట కప్పి తిప్పి పెట్టింది. అడిగిన టైము ఒక గడిలో, ఇచ్చిన టైము పక్క గడిలో. ఆమె ఆదివారాలు మాత్రమే చూసుకుంటూ పోయింది. ఆరు నిమిషాలు. తొమ్మిది. అయిదు. ఒకచోట ఇరవై ఏడు.

"ఇదేంటండీ?"

"ఇద్దరికి ఒకేసారి వచ్చింది. ఉన్నది నేనొక్కదాన్ని. ఆలస్యమైంది, రాశాను." నర్సు రిజిస్టర్ మూసింది. "రాయకుండా ఉండాల్సిందంటావా?"

"లేదండీ," అంది ఆమె. అప్పటిదాకా బిగబట్టుకున్న ఏడుపు ఆ గుమ్మంలో బయటపడింది. నర్సు ఓదార్చలేదు. కుర్చీ మాత్రం కాలితో ఇటు జరిపింది.

సాయంత్రం ఆసుపత్రిలో అత్తగారికి ఉన్నదున్నట్టు చెప్పింది. తను చూడకుండా సరేనన్నదీ, ఆరో గదీ, ఏడో స్థానం, పెచ్చులూడిన గోడలూ అన్నీ. భర్త కిటికీలోంచి బయటికి చూస్తూ విన్నాడు. అత్తగారు కళ్లు మూసుకునే, "అక్కడ ఆయా మంచిది. ఇక్కడ తాళంచెవి మంచిది. రెండూ ఒకచోట పెట్టి చావలేరా వీళ్లు?" అంది. తర్వాత కొడుకు వైపు తిరిగి, "దాని మీద అరిచావట. మళ్లీ అరవకు. పద, రేపు ఆ ఏడో చోటికే," అంది.

మెమో వచ్చింది, ఆమె ఫైల్లో చేరింది. ఆ పద్నాలుగు కాగితాలను సూపర్‌వైజర్ శుక్రవారమే పైకి పంపాడని ఆమెకు చాలా రోజులకు గానీ తెలియలేదు. వంతెన అవతలి కేంద్రానికి ఆదివారం నర్సు రావడానికి మూడు నెలలు పట్టింది. ఆరో గది మనిషి ఆ బుధవారమే పోయాడని ఆయా ఫోన్ చేసి చెప్పింది. పగలు పోయాడట, నర్సు ఉండగానే.

అత్తగారు ఏడో చోట ఇరవై నాలుగు రోజులు ఉంది. రోజూ నర్సుతో తగువే. చారులో ఉప్పు లేదని ఈవిడ, నాలుకకు రుచి పోయిందని ఆవిడ. మూడో ఆదివారం మధ్యాహ్నం మాత్రం నొప్పి ఒక్కసారిగా ఎగదన్నింది. ఆవిడ కోడలి మణికట్టు పట్టుకుని నలిపేసింది. ఆమె గంట నొక్కి గోడ గడియారం వైపు చూసింది. రెండు నిమిషాలు. నాలుగు. వరండాలో అడుగుల చప్పుడు లేదు. ఇక్కడా తప్పు చేశానా అనుకుంటూ ఆమె మళ్లీ గంట నొక్కింది. ఏడో నిమిషంలో నర్సు భోజనం మధ్యలోంచి లేచి, కడిగిన చెయ్యి చీరకు తుడుచుకుంటూ వచ్చింది. "ముద్ద దిగనివ్వరు కదా," అని సణుగుతూనే మందు వేసింది. మణికట్టు మీద పట్టు సడలేదాకా ముగ్గురూ కదల్లేదు.

ఆ తర్వాత రెండు రోజులు ఆవిడ ఎక్కువగా నిద్రలోనే ఉంది. బుధవారం పొద్దున ఆమె కింద కుళాయి దగ్గర సీసాలో నీళ్లు పట్టుకుని వచ్చేసరికి భర్త తల్లి పాదాల దగ్గర కూర్చుని ఉన్నాడు.

"ఇప్పుడే. నిద్రలోనే. మూలగను కూడా లేదు," అన్నాడు.

ఆమె సీసా కింద పెట్టి, దుప్పటి కొస సర్ది, అత్తగారి నుదుటి మీద చెయ్యి వేసింది. ఇంకా వెచ్చగానే ఉంది. భర్త ఆమె మణికట్టు అందుకుని, మిగిలిపోయిన ఆ కమిలిన గుర్తుల్ని బొటనవేలితో నిమిరాడు. నర్సు వచ్చి, నాడి చూసి, తలుపు దగ్గరగా వేసింది. "తొందరేం లేదు. ఎంతసేపైనా కూర్చోండి," అంది. ఆవిడ గొంతు అంత మెత్తగా ఉండగలదని వాళ్లకు అప్పటిదాకా తెలియదు.