బానెట్ మీది బేసిన్

నకరికల్లులో మా పెదనాన్న పోయాడని పొద్దున్నే ఫోన్ వచ్చింది. మిరప కల్లంలో కాపలాకు పడుకున్న మనిషి ఇక లేవలేదు. కబురు చెప్పిన బంధువు చివర్లో, ఆ కారును ఇక ఎవరు నడుపుతారని కూడా అడిగాడు.

అడగడంలో తప్పు లేదు. ఆ కారు లేకుండా ఆయన గురించి చెప్పడం నాకూ కష్టమే. పాత చిన్న పెట్రోలు కారు. ఒకసారి పెద్దమ్మను కోటప్పకొండకు తీసుకెళ్తుంటే ఘాట్ రోడ్డు సగంలో ఆగిపోయింది. మోకాళ్ల నొప్పులతో ఆమె మెట్లెక్కలేదు. దర్శనం లేకుండానే తిరిగొచ్చారు. కారు అమ్మేయమని అందరం చెప్పాం.

"ఎద్దు మొండికేస్తే బండి అమ్ముకుంటామా? ఎద్దును మార్చాల" అన్నాడు.

నరసరావుపేట షెడ్డులో మేస్త్రి వద్దన్నా వినకుండా, పాత సరుకుల ఆటో డీజిల్ ఇంజను దానికి పెట్టించాడు. ఇంజను పట్టింది గానీ, ఎత్తెక్కువై బానెట్ మూతపడలేదు. బానెట్‌కు కన్నం కోయించి, దాని మీద ఇంట్లోంచి తెచ్చిన స్టీలు బేసిన్ బోర్లించి బోల్టులు బిగించాడు. అది పెద్దమ్మకు పుట్టింటివాళ్లు సారెలో పెట్టింది. అంచు దగ్గర, బయటివైపు, ఆమె పేరు చెక్కించి ఉంది. ఆమెను అడగలేదు. అడగడం ఆయనకు అలవాటు లేదు.

కారు వాకిట్లోకి రాగానే పెద్దమ్మ దాని ముందు నిలబడి చూసింది. పేరు కనపడలేదు.

"నా పేరు నలుగురూ చూస్తే నామోషీనా? అది ఊడదీసి ఇచ్చేదాకా దీంట్లో కాలు పెట్టను" అంది.

ఆయన ఊడదీయలేదు, ఆమె ఎక్కలేదు. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. ఆ ఇంట్లో ఇద్దరున్నారు. మా వీధిలో ఎవరికి జ్వరమొచ్చినా ఆ కారే ఆసుపత్రికి తీసుకెళ్లేది, ఆ మేలు మరవలేం. కానీ ఎడమ సీట్లో మాత్రం ఎవరినీ కూర్చోనిచ్చేవాడు కాదు. నన్నూ వెనక్కే పొమ్మనేవాడు.

పెద్దకర్మ అయ్యాక ఆయన కొడుకు, మా అన్నయ్య, బేసిన్ ఊడదీసి అమ్మకిచ్చేస్తానని స్పానర్ తెచ్చాడు. ఎట్టాగూ తీస్తున్నారు కదా, ఒక్కసారి కూర్చుంటానంటూ పెద్దమ్మ ఎడమ తలుపు తీసి ఎక్కింది. అద్దం అవతల, బేసిన్ అంచున, తన పేరు. తలకిందులుగానే, కానీ సరిగ్గా ఆ సీటుకు ఎదురుగా.

"ఊడదీయబాకరా" అంది పెద్దమ్మ. "ఏడాది దాకా మనం కొండెక్కగూడదు. ఆ తర్వాత నన్ను దీంట్లోనే తీసకపో."

తర్వాత స్టార్ట్ చెయ్యమంది. ఇంజను మోగింది. కారంతా ఊగింది. అద్దం అవతల ఆమె పేరు వణుకుతూనే ఉంది.