జీడిమీసం ఫొటో

నా చిన్నప్పుడు మా ఉద్దానంలో ఎండాకాలం వచ్చిందంటే పిల్లల మూతులు మూతుల్లా ఉండేవి కావు. జీడిపండ్లు తిని నాలుక గరగరలాడేది, పచ్చి జీడిపిక్కలతో ఆడి చర్మం ఊడేది. ఆ పిక్క పెంకులోని జీడిరసం తగిలితే ఒళ్ళు కాలుతుందని మా ఊళ్ళో పాకే పిల్లలకు కూడా తెలుసు. నాకూ తెలుసు. అయినా పళ్ళతో కొరికి పగలగొడతానని పందెం కాశాను, అదీ మా పిన్ని పెళ్ళి దగ్గర పడ్డాక.

పందెం నేనే గెలిచాను. తెల్లారేసరికి పెదవులు వంకాయల్లా వాచాయి. పై పెదవి మీద నల్లటి చార, అచ్చం మీసమే. బుర్రమీసాల మా తాతయ్య నన్ను చూసి కాస్త మురిసిపోయాడని నా అనుమానం.

పెళ్ళి టెక్కలిలో. తన పక్కన తోడపెళ్ళికూతురిగా నన్నే కూర్చోబెట్టుకుంటానని పిన్ని మాట ఇచ్చింది. అమ్మానాన్నలు ముందే అక్కడికి వెళ్ళిపోయారు. ఇక మామ్మ, తాతయ్య, బాబాయి నన్ను తీసుకెళ్ళాలి. నేను మాత్రం ధాన్యం బస్తాల వెనక దూరి, ఈ మూతితో రానని భీష్మించాను. ఆ పెళ్ళి కోసం వేసవంతా కలలు కన్నదాన్ని, ఎంత ఏడ్చానో చెప్పలేను.

మామ్మ తిట్టలేదు, ఊరుకోబెట్టనూ లేదు. తన చెంగు తీసి మూతి చుట్టూ బిగించుకుంది. నాకో తువ్వాలు కట్టింది. "అందరం కప్పుకుంటాం. అప్పుడు నీ మూతి సూసీవోడెవుడే?" అంది. బాబాయి చేతిరుమాలు కట్టుకున్నాడు. తాతయ్య మాత్రం పెళ్ళికని మీసానికి నూనె రాసి దువ్వుకుని ఉన్నాడు. మామ్మ ఆయనతో ఎప్పుడూ సూటిగా మాట్లాడేది కాదు. నా వైపు తిరిగి, "మీ తాతకి సెప్పవే. పెళ్ళి ఆయన మీసానికి కాదు, కప్పమను" అంది. ఆయన గొణుక్కుంటూ కండువా చుట్టుకున్నాడు.

కాశీబుగ్గలో దిగి టెక్కలి బస్సు కోసం వరసగా నిలబడ్డాం. టీకొట్టు అతను మమ్మల్ని చూశాడు, గాలి ఓసారి పీల్చాడు, భుజం మీది తువ్వాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. అతన్ని చూసి కొబ్బరిబొండాల ఆవిడ చెంగు లాక్కుంది. ఆవిడను చూసి బెంచీ మీదివాళ్ళంతా ముక్కులు మూసుకున్నారు. ఒకతను తాతయ్య దగ్గరికొచ్చి, "ఏటి మావా కంపు?" అని అడిగాడు.

"నాకేటి తెలుసురా అల్లుడా. ఇంటిది కప్పమంది, కప్పినాను."

అతనికి అది మరీ భయంగా తోచినట్టుంది, రెండు చేతులతో ముక్కు మూసుకున్నాడు.

సరిగ్గా అప్పుడే ఎదురుగా ఉన్న స్టూడియో ఆయన, రీలులో మిగిలిన ఆఖరి ఫొటో అవగొట్టేద్దామని బయటికొచ్చి వీధి వైపు ఒకటి నొక్కేశాడు. మాకెవరికీ ఆ సంగతి తెలియదు. చాలా ఏళ్ళ తర్వాత, కాలేజీ బస్‌పాసు ఫొటోకని అక్కడికి వెళితే గోడ మీద ఆ వీధి కనిపించింది. అందులో ఉన్నది మా వాళ్ళేనని చెప్పగానే ఆయన ఓ కాపీ తీసిచ్చాడు. "ఆ రోజు కంపు ఏటోగాని తల్లీ, తలుసుకుంటే ఇప్పటికీ ముక్కు మూసుకోవాలనిపిత్తాది" అన్నాడు. ఆయన మనసు కష్టపెట్టడం ఎందుకని నేనేమీ చెప్పలేదు.

ఆ ఫొటో ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. వీధి మొత్తం కళ్ళు తప్ప ఏమీ కనిపించని మనుషులే. తెరిచి ఉన్న మూతి ఒక్కటే, అది నాది. తువ్వాలు మెడలోకి జారిపోయింది, వాచిన పెదవులతో, జీడిమీసంతో పగలబడి నవ్వుతున్నాను. నన్నెవరూ చూడటం లేదు, మామ్మ తప్ప. ఆమె నోరు చెంగు వెనక ఉంది గానీ నవ్వుతోందని కళ్ళే చెబుతున్నాయి. ఆ తువ్వాలు నేను మళ్ళీ కట్టుకోలేదు. ఆ మూతితోనే పిన్ని పక్కన కూర్చున్నాను.

మామ్మ ఇప్పుడు లేదు. ఏ పిల్లయినా మొహం దాచుకుని మూల కూర్చుంటే, "ఏం కాదులే" అన్న మాట నా నోట రాదు. ముందు నా చెంగు నా మూతి మీదికి పోతుంది.