దయ్యాలక్కకు భయం వేసిన సినిమా

పళ్ళ డాక్టరు దగ్గర నర్సుగా పనిచేసే మనిషికి దయ్యాలంటే భయం లేదంటే నమ్మాల్సిందే. పొద్దున్న లేస్తే ఆవిడ చూసేది భయాన్నే. డ్రిల్లు మోత వినగానే కొమ్ములు తిరిగిన మొనగాళ్ళు కూడా కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని, "సిస్టర్, ఇవాళ వద్దు, ఇంకోరోజు వస్తా" అని బతిమాలుకోవడం ఆవిడకు మామూలే. అందుకే స్థానిక వారపత్రిక వాళ్ళు హారర్, థ్రిల్లర్ సినిమాల మీద రాసే మనిషి కావాలని అడిగినప్పుడు, తక్కినవాళ్ళు నీళ్ళు నమిలితే ఆవిడ సరేనంది. శీర్షిక పేరు 'శుక్రవారం భయం'. వీధిలో ఆవిడ పేరు దయ్యాలక్క.

ఆవిడ అభిప్రాయాలు కుండ బద్దలుకొట్టినట్టు ఉంటాయి. ఈమధ్య వస్తున్న దయ్యాలన్నీ ఒకే బళ్ళో చదువుకున్నాయని ఒకసారి రాసింది. అదే జుట్టు విరబోసుకోవడం, అదే గోడలు పాకడం, కొత్త పాఠం ఒక్కటీ నేర్చుకున్న పాపాన పోలేదు. దయ్యం కంటే ముందు సంగీతం వచ్చి దండోరా వేస్తే, ఇక పాపం ఆ దయ్యం వచ్చి చేసేదేముందని ఇంకోసారి దులిపేసింది. థ్రిల్లర్లంటే మరీ మంట. మొదటి సగంలో అందరికీ నవ్వుతూ కాఫీ అందించే బాబాయే హంతకుడని గుమ్మం దగ్గర టికెట్ చింపేవాడికి కూడా తెలుసు, ఒక్క పోలీసాయనకు తప్ప. "ఇంట్లో దయ్యం ఉందని తెలిశాక కూడా ఇల్లు ఖాళీ చెయ్యరేం? మనమైతే కుళాయిలో నీళ్ళు రాకపోతేనే చేసేస్తాం" అని రాసిన వారం పత్రిక ఆఫీసులో అందరూ పడీపడీ నవ్వారట.

ఒక్కటే చిక్కు. తనకెలాగూ భయం వెయ్యదు, మరి సినిమా భయపెట్టిందో లేదో తెలిసేదెలా? అందుకు ఇంట్లోనే ఒక సాధనం ఉంది. అది ఆవిడ మొగుడు. డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పుతాడాయన. బ్రేకనుకుని యాక్సిలరేటర్ తొక్కేవాళ్ళ పక్కన కూర్చుని కూనిరాగాలు తీసే ధీరుడు, హాల్లో లైట్లు ఆరితే పిల్లి. తెరమీద తలుపు కిర్రుమంటే చాలు, పెళ్ళాం చెయ్యి పట్టేస్తాడు. వేళ్ళు తగిలితే సినిమా ఫరవాలేదు. గోళ్ళు దిగితే బాగుంది. ఆవిడ గడియారం పట్టీ తెగితే తప్పక చూడాల్సిందే. ఇన్నేళ్ళుగా పాఠకులు చదువుతున్నవి ఆయన గోళ్ళు వేసిన మార్కులే.

ఇలా నడిచిపోతూ ఉండగా ఆవిడ తమ్ముడు థ్రిల్లర్ తీశాడు.

అమ్మానాన్నా పోయాక వాణ్ణి పెంచింది ఆవిడే. వాడికి మొదటి సినిమా. ఈ ఊళ్ళో జనం దయ్యాలక్క రాసింది చూసే హాలుకు వెళతారు. బాగుందని రాస్తే అక్క కాబట్టి రాసిందంటారు, బాగోలేదని రాస్తే వాడి పని అయిపోయినట్టే, ఆపైన వాడు గుమ్మం తొక్కుతాడో లేదో. ముందు నుయ్యి, వెనక గొయ్యి. రెండు రోజులు ఆవిడకు అన్నం సహించలేదు.

ఉదయం ఆటకు మొగుణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళింది. సినిమా మొదలైన కాసేపటికే ఆయన లటుక్కున చెయ్యి పట్టుకున్నాడు. గోళ్ళు దిగాయి. ఆవిడ ప్రాణం లేచివచ్చింది. అంతలో ఒక సంగతి గమనించింది. తెరమీద తలుపు ఇంకా తెరుచుకోనే లేదు! ఆ తర్వాత కూడా అంతే, హంతకుడు కత్తి తియ్యకముందే ఈయన ఉలిక్కిపడుతున్నాడు. సినిమా మాత్రం ఆవిడ తిట్టే సినిమాల్లాగే ఉంది. కాఫీ ఇచ్చే బాబాయి కూడా ఉన్నాడు.

ఒక్కచోట తప్ప. భార్య పోయిన ముసలాయన వంటింట్లో అలవాటు కొద్దీ రెండు కంచాలు పెట్టాడు. కాసేపు చూశాడు. ఒకటి తీసి అల్మారాలో పెట్టేసి, కూర్చుని తిన్నాడు. సంగీతం లేదు, కత్తి లేదు. అప్పుడు మాత్రం పట్టుకున్న చెయ్యి మంచుముద్దలా అయింది.

బయట టీ కొట్టు దగ్గర ఆవిడ మొగుణ్ణి నిలదీసింది.

"నిజం చెప్పండి. వాడు మీకు కథ ముందే చెప్పాడు కదూ?"

ఆయన గ్లాసులోకి చూస్తూ, "మొన్న కార్లో చెప్పాడే. పట్టుకోమని వాడేం అడగలేదు. నేనే… పిల్లాడు పైకొస్తాడని" అన్నాడు.

బావ బతుకు కోరేవాడు బావమరిది అంటారు. ఇక్కడ బావే బావమరిది బతుకు కోరి దొంగ మార్కులు వేశాడు. ఆవిడకు ఒళ్ళు మండింది, అంతలోనే నవ్వూ వచ్చింది.

"సరే, ఆ కంచాల సీను మాత్రం వాడు చెప్పలేదుగా. అందుకే మీ చెయ్యి చల్లబడిపోయింది."

"నా చెయ్యా? నాది బాగానే ఉందే. చల్లబడింది నీది" అన్నాడాయన. "నేనే భయపడి, ఒంట్లో బాగోలేదేమోనని రుద్దుతూ కూర్చున్నా."

ఆవిడ చేతిలో టీ చల్లారిపోయింది.

ఆ వారం ఆవిడ ఉన్నదున్నట్టు రాసింది. సినిమా చాలావరకు పాత చింతకాయ పచ్చడేనంది. బాబాయిని మొదటి సీన్లోనే పట్టేసుకోవచ్చంది. తీసినవాడు తన సొంత తమ్ముడని కూడా దాచలేదు. చివర, "ఇందులో ఒక సీను ఉంది. అది చూసి, ఈ శీర్షిక మొదలుపెట్టాక మొదటిసారి నాకు భయం వేసింది. మా ఇంట్లో నా ఎదురుగా ఉండే కంచం గుర్తొచ్చింది" అని ముగించింది.

శుక్రవారం తమ్ముడు పత్రిక పట్టుకుని తిన్నగా ఆసుపత్రికే వచ్చాడు. డాక్టరు ఇంకా రాలేదు. వేరే చోటు లేక పేషెంట్లు కూర్చునే కుర్చీలోనే కూలబడ్డాడు. ఆవిడ పళ్ళెంలో పరికరాలు సర్దుతూ వాడి వంక చూడలేదు.

"ఉతికి ఆరేశావక్కా" అన్నాడు.

"అవునురా. కోపం వచ్చిందా?"

"వచ్చింది. చివరి దాకా చదివాక పోయింది." వాడు పత్రిక మడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు. "ఆ సీన్లో ఏమీ జరగదు కదా అని బావకి దాని సంగతి చెప్పనే లేదు."

"ఏమీ జరగదు, ఎవరూ రారు. భయమంటే అదేరా. అలాంటివి తియ్యి."

వాడు తలూపాడు. తర్వాత నెమ్మదిగా అడిగాడు. "నీకు నిజంగా భయం వేసిందా? అమ్మానాన్నా పోయినప్పుడు కూడా నువ్వు భయపడటం నేను చూళ్ళేదు."

ఆవిడ చేతిలో పని ఆగిపోయింది.

"రోజూ వేసేదిరా" అంది. "నువ్వు మరీ చిన్నవాడివి. నీకెలా చెప్పను?"

వాడు లేచి వచ్చి అక్క భుజం మీద తల పెట్టాడు. బయట మొదటి పేషెంటు దగ్గాడు. అయినా ఇద్దరూ కదల్లేదు.